దాచిపెట్టమన్న మూడు మాటలు

నాగపూర్ నుంచి వచ్చిన ప్రశ్నపత్రం మరాఠీలో ఉంది.
జాడి లస్మాబాయి మతి తెలుగులో పోతోంది.
మధ్యలో నేను, రోజుకు నాలుగొందల కూలికి
ఒక మరుపును ఇంకో భాషలోకి మోసే మనిషిని.

సిరొంచలో వైశాఖం. ప్రాణహిత ఇసుక
గాలికి లేచి ట్యాబ్ అద్దం మీద కూర్చుంటుంది.
తుడిచి అడుగుతాను: ఇది ఏ జిల్లా, అవ్వా?
"చాందా."
తప్పు. గడ్చిరోలి అనాలి.
ఆమె పుట్టినప్పుడు చాందాయే.
గడప దాటకుండా మూడు రాష్ట్రాల్లో కాపురం చేసింది.
జిల్లా మారిందని ఎవరూ వచ్చి చెప్పలేదు,
రేషన్ కార్డు మీద ఒక రబ్బరు ముద్ర తప్ప.
సున్నా వేశాను. నా వేలికి అదే ఉద్యోగం.

మూడు మాటలు చెబుతాను, దాచిపెట్టుకో,
కాసేపయ్యాక అడుగుతా:
చింతపండు. పగ్గం. లాంతరు.
కాగితంలో ఉన్నవి రైలు, గులాబి, దేవళం.
ఈ ఊరికి రైలు లేదు. నేనే మార్చాను.
మార్చినందుకు తర్వాత మాటలు పడ్డాను, అది వేరే కథ.

ఆమె పెదవులు మూడింటినీ తడిమి చూసుకున్నాయి
సంతలో చిల్లర ఎంచుకున్నట్టు.
కొంగు ముడి విప్పి, మళ్లీ వేసింది.

నూరులోంచి ఏడు తీసెయ్, అన్నాను.
"ఎవలకిచ్చినవ్ ఆ ఏడు?"
ఎవరికీ ఇవ్వలేదవ్వా, ఉత్త లెక్క.
"ఊకెనే ఎట్ల పోతయ్?"

ట్యాబ్ వెలుగు ఆరిపోయింది. నేను ముట్టుకోలేదు.
ఊకెనే ఎట్ల పోతాయో కనుక్కోవడానికే
అక్కడ పెద్ద డాక్టర్లు తలకాయల ఫొటోలు తీస్తున్నారు,
గొట్టాల్లో నెత్తురు పట్టి మంచుపెట్టెలో పంపుతున్నాం
చంద్రపూర్ బస్సు డ్రైవర్ సీటు కింద.
ఇంతమందిమి అడుగుతున్నదీ
ఈమె అడిగినదే.

కోడలు అడవి నుంచి తెచ్చిన తునికాకు
వాకిట్లో తడిగుడ్డ కింద కుప్పగా ఉంది.
ఎప్పుడు జరిగిందో లస్మాబాయి అక్కడికి జరిగింది.
కళ్లు నా మీదే, చేతులు ఆకుల్లో.
ఆకు మీద ఆకు, ఆకు మీద ఆకు,
ఒకచోట ఆగి నార చుట్టి పక్కన పడేసింది.
విప్పి లెక్కపెట్టాను. డెబ్బై.
రెండోది కూడా డెబ్బై, ఒక్కటి ఎక్కువ లేదు.
మూడోది యాభైకే కట్టేసింది.

అయ్యో తప్పింది, అన్నాను.
కోడలు పొయ్యి దగ్గర్నుంచే నవ్వింది.
"తప్పలే అక్కా. గది ఏటవతలి కట్ట.
అవుతల యాభైకే కడుతరు.
అత్తమ్మ పుట్టిల్లు గాడనే."

ఒక కట్టకూ ఇంకో కట్టకూ నడుమ
చేతులు పడవ లేకుండా ఏరు దాటాయి.
కాగితంలో చేతులకు గడి లేదు.

అవ్వా, ఇందాక మూడు మాటలిచ్చాను?
"దాచిపెట్టమంటివి గద, దాచిన."
ఏవి మరి?
చాలాసేపు వెతికింది. దండెం మీద చూసింది, నా మొహంలో చూసింది.
"యాడ పెట్టిన్నో యాదికొస్తలేదు.
ఏడికీ పోవు బిడ్డా, ఇంట్లనే ఉంటయ్."

మళ్లీ కార్తీకంలో వెళ్లాను.
ఎవల బిడ్డవని రెండుసార్లు అడిగింది.
చెప్పాను, రెండుసార్లూ.
వాకిట్లో మనవరాలు శైలు, పక్కింటి పిల్లలు
గుండ్రంగా నిలబడి పంటలేసుకుంటున్నారు,
ఒక్కొక్కరి గుండె మీద వేలు పెట్టి:
చింతపండు, పగ్గం, లాంతరు,
చింతపండు, పగ్గం, లాంతరు.

ఫోన్ చేస్తే సార్ విసుక్కున్నాడు:
ఆ ఇల్లు ఇక పనికిరాదు, అందరికీ జవాబులు తెలిసిపోయాయి,
కొత్త మాటలు తీసుకో.
సరే సార్ అన్నాను. తీసుకోలేదు.

ఆఖరి లాంతరు లస్మాబాయి మీద పడింది.
దొంగ అవ్వనే, అవ్వనే, అని అరిచారు.
ఆమె రెండు అరచేతులతో కళ్లు మూసుకుంది,
నవ్వుతోంది, భుజాలు కదులుతున్నాయి.
పిల్లలెవరూ దూరం పోలేదు.
ఆమె ఎదురుగా, చెయ్యి చాస్తే అందేంతలో
నిలబడే దాక్కున్నారు.